ఇరవై డాలర్ల ప్లాస్టిక్ ముక్క

ఫోన్‌ను అడ్డంగా పట్టుకోండి. అది ఐఫోన్ 4. 2010 జూన్ 24న అమ్మకాల్లోకి వచ్చింది, ఇంకా కొత్త మోజు తీరలేదు. ముందూ వెనకా గాజు పలక, చుట్టూ స్టీలు పట్టీ, మందం 9.3 మిల్లీమీటర్లు. 720పి హెచ్‌డీ వీడియో తీస్తుంది. చొక్కా జేబులో పట్టే వస్తువు అంత మంచి వీడియో తీయడం ఆ వేసవిలో పెద్ద విశేషం. ఎర్ర బటన్ నొక్కి, ఊపిరి బిగబట్టి, ఎదురుగా ఉన్న కిటికీని ఓ నిమిషం తీయండి. ఇప్పుడు చూసుకోండి. కిటికీ ఊగుతోంది.

గది మూలన కెమెరా స్టాండు ఉంది. దాని నెత్తిన పావు అంగుళం మరమేకు ఒకటి పైకి పొడుచుకుని ఉంది. పెళ్లి ఫొటోలు తీసేవాళ్ల కెమెరా ఏదైనా బోర్లించి చూడండి, ఆ మరమేకు బిగించే బెజ్జం అడుగున ఉంటుంది. కంపెనీ ఏదైనా కొలత అదే. మీ ఫోన్‌ను మాత్రం ఎటు తిప్పినా గాజూ స్టీలే. బెజ్జం లేదు.

ఊరు న్యూయార్క్. ఈ లేని బెజ్జం గురించే ఆ వేసవిలో ఇద్దరు స్నేహితులు ఆలోచిస్తున్నారు. డాన్ ప్రొవోస్ట్, టామ్ గెర్‌హార్ట్. ఇద్దరూ పార్సన్స్ డిజైన్ విద్యాలయంలో కలిసి చదువుకున్నారు. వాళ్ల పక్కన ఓ కుర్చీ లాక్కుని కూర్చోండి. ఫ్యాక్టరీ లేదు, వెనక పెట్టుబడిదారుడు లేడు. ఉన్నదల్లా కంప్యూటరూ, అందులో రైనో అనే త్రీడీ సాఫ్ట్‌వేరూ, బుర్రలో ఒక ఆకారమూ. ఫోన్ అంచును గాడిలో పట్టుకునే చిన్న ముక్క. అడుగున స్టాండు మరమేకుకు సరిపోయే మర. అదే ముక్కను ఇంకోలా తగిలిస్తే బల్ల మీద ఫోన్‌ను ఏటవాలుగా నిలబెడుతుంది. దానికి గ్లిఫ్ అని పేరు పెట్టుకున్నారు.

తెర మీద ఆ ఆకారాన్ని మౌస్‌తో తిప్పి చూడండి. ఎంత సులువుగా కనిపిస్తుందో! గాడి వెడల్పు దగ్గరికొచ్చేసరికి అసలు పని మొదలవుతుంది. సరిగ్గా 9.3 పెడితే ఫోన్ జారిపోతుంది. మరీ తగ్గిస్తే దూరదు, దూరినా తీసేటప్పుడు గాజు మీద భయం. మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ జరిపితే ఒకసారి పనికిరాని ముక్క, ఇంకోసారి పట్టుకుంటే వదలని ముక్క. ఇది తెర మీద తేలే సంగతి కాదు, చేతికి తెలియాల్సిందే.

అందుకని ఫైలును షేప్‌వేస్ అనే త్రీడీ ప్రింటింగ్ సంస్థకు పంపుతారు. కొన్నాళ్లకు అట్టపెట్టె వస్తుంది. విప్పండి. లోపల గ్లిఫ్ నమూనా. ఇలాంటి ముక్కలను చాలావరకు నైలాన్ పొడిని పొరలు పొరలుగా పరిచి, లేజరు కాంతితో కరిగించి అతికించి చేస్తారు. గోరుతో గీస్తే గరుకుదనం తెలుస్తుంది. వెలుతురుకు పట్టుకుంటే వంపు దగ్గర పొరల మెట్లు సన్నగా కనిపిస్తాయి. ఫోన్ అంచును గాడికి ఆనించి బొటనవేలితో నొక్కండి. మొదట మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా దిగి కూర్చుంటుంది. తలకిందులు చేసి ఊపండి. పడలేదా? స్టాండుకు బిగించి మళ్లీ అదే కిటికీని తీయండి. ఈసారి కిటికీ కదలదు.

నమూనా కుదిరింది. ఇంతవరకూ వచ్చిన డిజైనర్లు లోకంలో లెక్కలేనంత మంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ ముక్కను డ్రాయర్‌లో పెట్టుకుని, వచ్చిన స్నేహితులకు చూపించుకుంటూ ఉండిపోతారు. ఎందుకో తెలియాలంటే ఒక్కసారి హైదరాబాద్ బాలానగర్ వైపు వెళ్లాలి. అక్కడ డైలు చేసేవాళ్ల షెడ్డులో ఏ మేస్త్రీనైనా అడగండి, ప్లాస్టిక్ ముక్క ఖరీదెంత అని. ముక్కకేముంది బాబూ, డైకే కదా డబ్బంతా అంటారు. ఇనుప దిమ్మనో, అల్యూమినియం దిమ్మనో రెండు భాగాలుగా కోసి, లోపల ముక్క ఆకారంలో బోలు తొలిచి, మెరుగుపెట్టి, నీళ్లు పారి చల్లబడడానికి దారులు వేసి చేసే పని అది. వారాలు పడుతుంది. ఆ డైతో ఒక్క ముక్క తీసినా దాని ఖర్చు అంతే, పదివేల ముక్కలు తీసినా అంతే. పైగా ఆ ఖర్చు మొదటి రూపాయి రాకముందే పెట్టాలి. జనం కొంటారో లేదో తెలియకముందే పెట్టాలి.

బ్యాంకు దగ్గరికి వెళ్తే హామీ ఏముందంటారు. పెట్టుబడిదారుడి దగ్గరికి వెళ్తే ఇరవై డాలర్ల ముక్క వందల కోట్ల కంపెనీ ఎలా అవుతుందంటాడు. ఇద్దరూ వాళ్ల లెక్కలో సరైన ప్రశ్నలే అడుగుతున్నారు. కానీ ఆ రెండు తలుపులూ మూసుకుంటే మంచి వస్తువు పుట్టకుండానే పోతుంది. స్వతంత్ర డిజైనర్ల దారిలో తరతరాలుగా ఉన్న గోడ ఇదే.

2009 ఏప్రిల్ 28న ఇదే న్యూయార్క్‌లో పెరీ చెన్, యాన్సీ స్ట్రిక్లర్, చార్లెస్ ఆడ్లర్ అనే ముగ్గురు మొదలుపెట్టిన కిక్‌స్టార్టర్ ఆ గోడలో ఓ తలుపు తెరిచింది. పద్ధతి ఇది. నాకింత డబ్బు కావాలి, ఇన్నాళ్లు గడువు అని మీరు ముందే చెప్పాలి. జనం తలా ఇంత ఇస్తామని మాటిస్తారు. గడువులోగా లక్ష్యం చేరితేనే వాళ్ల కార్డుల నుంచి డబ్బు తీస్తారు. ఒక్క డాలరు తగ్గినా ఎవరి డబ్బూ కదలదు. చేరితే కిక్‌స్టార్టర్ 5 శాతం తీసుకుంటుంది, చెల్లింపుల రుసుము వేరే.

జనం చందాలతో పని జరగడం ఆ ఊరికి కొత్తేమీ కాదు. స్వేచ్ఛా ప్రతిమ నిలబడిన దిమ్మెకు డబ్బు చాలకపోతే 1885లో జోసెఫ్ పులిట్జర్ తన పత్రికలో విజ్ఞప్తి చేసి, లక్ష మందికి పైగా పాఠకుల నుంచి లక్ష డాలర్లకు పైగా పోగుచేశాడు. మన దేశంలో 1976 నాటి ‘మంథన్’ సినిమాకు గుజరాత్ పాడి రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకున్నారు. కిక్‌స్టార్టర్‌లో వస్తువుకు డబ్బు పెట్టేవాడి సంగతి కొంచెం వేరు. చందా ఇచ్చి ఊరుకోడు, ఆ వస్తువు తన ఇంటికి వస్తుందని ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపు బరువు ఎంతో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

2010 అక్టోబర్ 3. పేజీ తెరిచారు. ఓ వీడియో, కొన్ని ఫొటోలు, సూటిగా నాలుగు మాటలు. లక్ష్యం 10,000 డాలర్లు, అప్పటి మారకంలో సుమారు నాలుగున్నర లక్షల రూపాయలు. 20 డాలర్లు ఇస్తే ఒక గ్లిఫ్. చేతివేళ్ల మీద లెక్క వేసుకోండి, ఐదు వందల మంది దొరకాలి. చుట్టాలూ స్నేహితులూ తోటి ఉద్యోగులూ కలిసినా ఓ యాభై మంది అవుతారేమో. మిగతా నాలుగు వందల యాభై మంది ముక్కూ మొహం తెలియనివాళ్లు.

పేజీని మళ్లీ తెరవండి. అంకె మారింది. ఇంకోసారి తెరవండి, మళ్లీ మారింది. యాపిల్ వస్తువుల గురించి రాసే జాన్ గ్రూబర్ తన ‘డేరింగ్ ఫైర్‌బాల్’లో గ్లిఫ్‌ను పరిచయం చేశాడు. ఐఫోన్ చేతిలో ఉన్నవాళ్లు, దానితో వీడియో తీసి విసిగినవాళ్లు, చిన్న వస్తువు చక్కగా ఉంటే గుర్తుపట్టేవాళ్లు అతని పాఠకులు. గ్లిఫ్ ఎవరి కోసం పుట్టిందో సరిగ్గా వాళ్లే. అంకె ఇక ఆగలేదు. పదివేలు దాటింది, యాభై వేలు దాటింది, లక్ష కూడా దాటింది. గడువు ముగిసేనాటికి 5,273 మంది, 1,37,417 డాలర్లు. అడిగినదానికి పదమూడు రెట్లకు పైన. మన డబ్బులో దాదాపు 60 లక్షలు.

ఈ ఘట్టాన్ని చాలామంది విజయగాథగా రాసి ముగిస్తారు. నా ఉద్దేశంలో కథ ఇక్కడే మొదలవుతుంది. మీరు మళ్లీ ఆ కుర్చీలోకి రండి. తలకు సగటున 26 డాలర్లు ఇచ్చిన ఐదు వేల పైచిలుకు మంది ఒకవైపు. మీ బల్ల మీద గరుకుగా ఉన్న నైలాన్ నమూనా ఒకవైపు. ఇచ్చినవాళ్లలో చాలామంది మిమ్మల్ని ఎన్నడూ చూడలేదు. మీకు ఫ్యాక్టరీ లేదని వాళ్లకు తెలుసు, అయినా ఇచ్చారు. ఐదు వందల ముక్కలు అనుకున్నది ఐదు వేలు దాటింది. ఐదు వందలైతే ఇంట్లో కూర్చుని పెట్టెలు కట్టుకోవచ్చు. ఐదు వేలంటే అది వ్యాపారం.

డబ్బు మాట పక్కన పెడితే, ఆ నెల రోజుల్లో వాళ్లకు దక్కిన అసలు లాభం ఒకటుంది. డై కోయకముందే ఎంతమందికి కావాలో తెలిసిపోయింది. వ్యాపారాలు మునిగేది తరచుగా అక్కడే. పదివేలు అమ్ముడుపోతాయనుకుని చేయించి, వెయ్యి కూడా పోక గోదాములో పెట్టుకుని వడ్డీ కట్టుకోవడం మన దగ్గర ఎంతమంది చిన్న తయారీదారుల గోడో! ముందు కోరిక తెలిసి తర్వాత ఇనుము కోసే వీలు చిన్నవాడికి చాలా విలువైనది.

ఇక బ్రూకింగ్స్ వెళ్దాం. అమెరికా నడిమధ్య సౌత్ డకోటా రాష్ట్రంలో, చుట్టూ బల్లపరుపు మైదానాలతో ఉన్న చిన్న ఊరు. శీతాకాలం దగ్గర పడింది, బయట గాలి కోస్తోంది. గ్లిఫ్‌ను పోతపోసింది ఈ ఊరి ప్లాస్టిక్ ఫ్యాక్టరీ వాళ్లే. చైనాకు పంపితే ముక్కకు కొన్ని సెంట్లు కలిసొచ్చేవేమో. కానీ మొదటిసారి వస్తువు చేయించేవాడికి, ఫోన్ ఎత్తగానే తన భాషలో జవాబు చెప్పే మనిషి ఎంత ముఖ్యమో, సముద్రం మీద నెల రోజుల ప్రయాణం తప్పడం ఎంత ఊరటో, ఆ పనిలో ఉన్నవాళ్లను అడిగితే చెబుతారు.

ఇలాంటి షెడ్డులో మిషన్ పక్కన నిలబడండి. పైన తొట్టిలో ప్లాస్టిక్ గింజలు. కింద వేడి గొట్టంలో స్క్రూ తిరుగుతూ ఆ గింజలను కరిగించి ముందుకు తోస్తుంది. డై రెండు సగాలూ ధడాలున మూసుకుంటాయి. టన్నుల బరువుతో బిగుసుకుంటాయి. కరిగిన ప్లాస్టిక్ లోపలికి దూసుకుపోతుంది. కొన్ని క్షణాలు చల్లబడుతుంది. డై తెరుచుకోగానే వెనక నుంచి పిన్నులు ముక్కను బయటికి తోస్తాయి. ఆ ముక్క ఇంకా వెచ్చగా ఉండగానే చేతిలోకి తీసుకోండి.

దగ్గరగా చూడండి. నైలాన్ నమూనాలో లేనివి ఇందులో చాలా కనిపిస్తాయి. రెండు సగాలు కలిసినచోట చుట్టూ సన్నటి గీత. ప్లాస్టిక్ లోపలికి వచ్చిన దారి దగ్గర తుంచిన గుర్తు. పిన్నులు తోసినచోట గుండ్రటి మచ్చలు. గోడలు నిట్టనిలువుగా లేవు, చూసీ చూడనంత వాలు ఉంది. ఆ వాలు లేకపోతే ముక్క డైలోంచి ఊడి రాదు. త్రీడీ ప్రింటుకు ఈ నియమాలేవీ పట్టవు, దాదాపు ఏ ఆకారమైనా గీస్తే చేసి ఇస్తుంది. అందుకే నమూనా చేతిలో ఉన్నంత మాత్రాన వస్తువు తయారైనట్టు అనుకోకూడదు. తెర మీద గీసిన ఆకారాన్ని డై ఒప్పుకునేలా మళ్లీ గీయాలి. ఆ గీతను ఎక్కడ దాచాలి, మచ్చలు ఏ వైపు రావాలి, గాడి ఎంత బిగువుగా ఉంటే ఎన్నిసార్లు తీసి పెట్టినా వదులవదు, ఈ ప్రశ్నలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. ఉత్పత్తి డిజైన్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇది. ఇక్కడ డిజైనరు, డై మేస్త్రీ ఇద్దరూ సమానులు. మేస్త్రీ మాట విననివాడి వస్తువు చూడగానే తెలిసిపోతుంది.

తర్వాత పెట్టెలు, చిరునామాలు. ఇంటి నంబరు మరిచిపోయినవాళ్లు, మధ్యలో ఇల్లు మారినవాళ్లు, వేరే దేశంలో ఉన్నవాళ్లు. ప్రతి ఒక్కరికీ రాయాలి. ఏం జరుగుతోందో, ఎందుకు ఆలస్యమవుతోందో చెబుతూ ఉండాలి. క్రిస్మస్ లోపు గ్లిఫ్‌లు దారిన పడ్డాయి. ఆలోచన పుట్టిన దగ్గర్నుంచి అమ్మకం దాకా ఐదు నెలలని ప్రొవోస్టే తర్వాత వివరంగా రాసి పెట్టాడు. ఖర్చులూ కష్టాలూ దాచుకోకుండా అందరికీ చెప్పడం నాకెంతో గౌరవం కలిగించింది. వాళ్ల వెనక వచ్చిన ఎంతోమందికి అది పాఠ్యపుస్తకమైంది. ఇద్దరూ స్టూడియో నీట్ పేరుతో అదే పనిలో స్థిరపడ్డారు. ఫోన్ల కొలతలు మారిపోతుంటే 2016లో ఏ ఫోన్‌కైనా సరిపోయే కొత్త గ్లిఫ్‌తో మళ్లీ జనం ముందుకు వచ్చారు. నోటు పుస్తకం చేశారు, పెన్ను చేశారు. సంస్థ మాత్రం చిన్నదిగానే ఉంది.

గ్లిఫ్ వేళకు చేరడానికి వాళ్ల నిజాయతీ ఎంత కారణమో, ఆ వస్తువు చిన్నది కావడమూ అంతే కారణం. ఒకటే ముక్క, అందులో ఒక మర. బ్యాటరీ లేదు, మోటారు లేదు, సాఫ్ట్‌వేరు లేదు. చెడిపోయే చోట్లు తక్కువ. దీని పక్కన కూలెస్ట్ కూలర్‌ను పెట్టి చూడండి. 2014లో అదే కిక్‌స్టార్టర్‌లో 62,642 మంది కోటీ 32 లక్షల డాలర్లకు పైగా ఇచ్చిన ఐస్ పెట్టె. దానిలో బ్లెండరు, బ్లూటూత్ స్పీకరు, ఫోన్ చార్జరు, ఇంకా ఎన్నో. ప్రతి భాగానికీ ఒక సరఫరాదారు, ఒక పరీక్ష, ఒక ఆలస్యం. అనుకున్న ధరకు ఆ పెట్టెను తయారుచేయడం కుదరలేదు. 2019 డిసెంబర్‌లో ఆ సంస్థ మూతపడేనాటికి సుమారు 20,000 మందికి పెట్టె చేరనేలేదు. డబ్బు ఎక్కువ రావడం వాళ్లను కాపాడలేదు, పైగా మోయలేనంత బాధ్యత నెత్తిన పెట్టింది.

ఇలాంటివి ఒకటీ రెండూ కావు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఈథన్ మాలిక్ తొలినాళ్ల కిక్‌స్టార్టర్ డిజైన్, టెక్నాలజీ ప్రాజెక్టులను పరిశీలిస్తే నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పిన వేళకు వస్తువు ఇవ్వలేదని తేలింది. 2015లో వెలువడిన మరో అధ్యయనంలో, నిధులు అందిన ప్రాజెక్టుల్లో 9 శాతం మాట నిలబెట్టుకోలేదని లెక్క వచ్చింది. కిక్‌స్టార్టర్ కూడా 2012 సెప్టెంబర్‌లో తమది దుకాణం కాదని ప్రకటించి, వస్తువుల ప్రాజెక్టుల్లో కంప్యూటరు గ్రాఫిక్స్ బొమ్మలు చూపడాన్ని నిషేధించింది. ఉన్న నమూనానే, ఉన్నట్టే చూపాలంది. నిజంగా మంచి నియమం.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టడానికి వీలున్న దేశాల్లో మన దేశం లేదు. కానీ ముందు కోరిక తెలుసుకుని తర్వాత డై కోయించే పద్ధతికి కిక్‌స్టార్టరే అక్కర్లేదు. ముందస్తు ఆర్డర్లు తీసుకోవడానికి ఇవాళ మన చేతుల్లో యూపీఐ ఉంది. నమూనా చేసుకోవడానికి హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది. డై పని నేర్పడానికి 1968 నుంచీ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. ఆ చుట్టుపక్కల షెడ్డుల్లో ముక్కను చూడగానే ఎక్కడ ఇరుక్కుంటుందో చెప్పగల మేస్త్రీలు ఉన్నారు.

డ్రాయర్‌లో నమూనా దాచుకున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఒకటే. మొదటి వస్తువు ఒక్క ముక్కతో అయ్యేది ఎంచుకోండి. పేజీ పెట్టకముందే దాన్ని డై మేస్త్రీకి చూపించండి. ఆయన ఇచ్చిన కొటేషన్ చేతిలో పెట్టుకుని లక్ష్యం రాయండి, వేళ చెప్పండి. ఎవరైనా కుర్రవాడు ఇలా డబ్బు అడుగుతూ మీ ముందుకు వస్తే, బొమ్మ చూసి మురిసిపోకండి. పనిచేసే నమూనా చూపించమనండి, పోతపోసేది ఎవరో అడగండి. జవాబు సూటిగా వస్తే ఆ డబ్బు తప్పకుండా ఇవ్వండి.